మోటారు మూలిగితే ఆపెయ్

…చెడిపోలేదు జగపతీ, మన మోటారు. పక్క బావులవాళ్లంతా ఒకేసారి వేస్తే కరెంటు చాలదు. తిరగకుండా మూలుగుతుంది. అప్పుడు ఆపెయ్. స్టార్టరు బటన్ పడిపోకుండా పుల్ల అడ్డం పెట్టకు, మోటారు కాలిపోతుంది. వాళ్లు ఆపేదాకా ఆగు.

మీ వదినను ఏమీ అడగకు. బాబు పోయాడని నిన్న పరామర్శకు వచ్చినవాళ్లంతా, "పిలగానికి జరం ఎన్నడచ్చింది బిడ్డా? దవాఖానకు జల్ది ఎందుకు తీస్కపోలే?" అని ఆమెతో మళ్లీ మళ్లీ మొదటినుంచి చెప్పించారు. చివరికి నోరు తెరిచింది, మాట రాలేదు. రాత్రి నేను పిలిచినా పలకలేదు. వింటున్నదని మాత్రం తెలిసింది.

రేగొండ చుట్టాలను ఇప్పుడే రావద్దని చెప్పడానికి పోతున్నాను. గంజి ఆమె పక్కన పెట్టు, తాగమనకు.

తా.క. వచ్చేవాళ్లకోసం వాకిట్లో పరిచిన చాప చుట్టి లోపల పెట్టాను.