నా పక్కన ఆగే కుక్క

మార్చి 2, ఆదివారం

ఖిల్లా ఘణపూర్ నుంచి ఇప్పుడే వచ్చాం. కోట మెట్ల మీద నాకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. పట్టుకోబోయి అమ్మ పడింది. నాకేం కాలేదు, కెమెరాకూ ఏం కాలేదు. అమ్మ మోకాలు మాత్రం వాచి నిగనిగలాడుతోంది.

ఫిట్స్ మొదలై రెండేళ్లు. అప్పటి నుంచి పిట్టల ఫోటోలకు ఎటు వెళ్లినా వెనకాల అమ్మ. నీళ్ల బాటిల్, గొడుగు, నా టాబ్లెట్లు మోసుకుంటూ. అరవై రెండేళ్ల మనిషి. అంగన్‌వాడీలో ఆయాగా చేసి చేసి ఆ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఈరోజు ఆటోలో మాత్రం బయటికి చూస్తూ, "ఇంగ నాతోని కాదు బిడ్డా" అంది.

వారమంతా గద్వాల స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్ట్ ఫోటోల్లో మనుషుల వెనక తెలుపు పూస్తుంటాను. ఆదివారం ఒక్కటే నాది.

మార్చి 3

కుక్క. కుక్కను పెంచుకోవాలి.

మార్చి 9

వారం నుంచి జాతుల గురించే చదువుతున్నాను. నాకు కావాల్సింది ఏమంత పెద్దది? పిట్టను చూసి మొరగకూడదు. ఎండకు ఓర్చుకోవాలి. నేను పడితే వదిలి పోకూడదు.

జర్మన్ షెపర్డ్ కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదట. నేను పడి ఉన్నప్పుడు సాయానికి వచ్చినవాళ్లనే కరిస్తే? బీగిల్‌కు వాసన తగిలితే చాలు, వెనక్కి చూడకుండా పోతుందట. పొమరేనియన్‌ను ఆ రాళ్లలో నేనే ఎత్తుకుని తిరగాలి.

మన్ననూర్‌లో ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేశాను. టైగర్ రిజర్వ్‌లోకి ఏ జాతి కుక్కనైనా రానివ్వం అన్నారు. అంటే నల్లమల లేదిక.

మార్చి 12

పశువుల దవాఖానకు వెళ్లాను. డాక్టర్ నాగప్ప సార్‌ది రాయచూరు వైపు. నేను రాసుకున్న కాగితమంతా ఓపికగా చదివాడు. ముధోల్ హౌండ్ ఎండకు బాగా తట్టుకుంటుందని నాకు దాని మీద ఆశ. ఆయన తల అడ్డంగా ఊపాడు. కదిలేది ఏది కనబడినా దాని వెంట పరుగెత్తే కుక్క అది, నీకు బేడమ్మా, వద్దు అన్నాడు. లాబ్రడార్ నెమ్మదైనదే కానీ మన ఎండలకు ఆగదట. వానలు పడ్డాక చూద్దాం అన్నాడు.

ఫిట్స్‌ను కనిపెట్టే కుక్కలు ఉన్నాయి కదా అని అడిగాను. అది జాతితో వచ్చే గుణం కాదట. ఏళ్లకేళ్లు నేర్పిస్తే కొన్నింటికి వస్తుందట.

కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "మనిషి చేసే పని కుక్కతోని కాదమ్మా."

మెల్లగానే అన్నాడు. నాకే కోపం వచ్చింది.

మార్చి 23

ఆదివారం. వెళ్లలేదు.

మార్చి 30

వెళ్లలేదు. అమ్మ కుంటుతూ వచ్చి, పోదామా అని అడిగింది. నిద్ర నటించాను.

ఏప్రిల్ 13

వనపర్తి నుంచి సుదర్శన్ గారని ఒక బ్యాంకు ఉద్యోగి కుక్కను కారులో తీసుకొచ్చి ఇచ్చారు. ఆయనకు దూరం ట్రాన్స్‌ఫర్ అయింది. నాలుగేళ్ల లాబ్రడార్. పేరు లడ్డు. మొరగదు, కరవదు, కూర్చుంటే లేవదు అన్నారు. ఆయన భార్య కారు దిగలేదు. అద్దం వెనక ఏడుస్తూ ఉంది.

రోజూ ఏసీ గదిలో పడుకునేదని కూడా చెప్పారు. విన్నాను. నాగప్ప సార్ మాటా గుర్తుంది. కానీ జూరాల దగ్గర రివర్ టెర్న్‌లు బండల మీద పిల్లలు చేసే కాలం ఇది, వానలు పడితే ఎగిరిపోతాయి. తెల్లారి వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేస్తే ఏమవుతుందిలే.

ఇంట్లోకి కుక్క రావద్దన్న అమ్మ సాయంత్రానికి దానికి పెరుగన్నం కలుపుతోంది.

ఏప్రిల్ 20

ఈస్టర్. చర్చి. తిరిగొచ్చేసరికి లడ్డు గుమ్మంలో తల పెట్టి చూస్తూ ఉంది.

ఏప్రిల్ 27

అమ్మ లేకుండా మొదటిసారి జూరాల వెళ్లాను. లడ్డు గంటసేపు బండ మీద నా పక్కనే కూర్చుంది. పిట్టలు బెదరలేదు. ఎనిమిది మంచి ఫ్రేములు వచ్చాయి.

తర్వాత చేపలవాళ్ల పుట్టి ఒడ్డుకు రాగానే చేపల వాసనకు లేచి పోయింది. ఎంత పిలిచినా రాలేదు. వెతికి పట్టుకునేసరికి చెమటలు పట్టాయి. నేను పడి ఉన్నప్పుడు ఇలా పోతే? వచ్చేసారి తాడు నా నడుముకే కట్టుకుంటాను.

మే 7

మొన్న ఆదివారం సంగతి రాయాలి.

ఆరుకు అదే బండ దగ్గరికి వెళ్లాం. తాడు కట్టుకున్నాను. ఎనిమిదిన్నరకు ఒక గూట్లో గుడ్డు పగలడం మొదలైంది. తొమ్మిదయింది. టైమ్ చూసుకున్నాను, చూడలేదని అబద్ధం రాయను. లడ్డు రొప్పుతోంది. ఇంకో పది నిమిషాలు అన్నాను దానితో. తొమ్మిదిన్నరకు కూడా అదే అన్నాను. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

ఫిట్స్ రెండు మూడు నిమిషాలే. ఆ తర్వాతి నిద్రే ఎక్కువ. నేను నిద్రపోయాను. ఆ బండ మీద నీడ లేదు. పదకొండు దాటాక వెంకటన్న అనే చేపలు పట్టే ఆయన చూశాడు. అంతకుముందు దూరం నుంచి చూసి ఎవరో పడుకున్నారనుకున్నాడట. నా ఒక చెంప, చెయ్యి ఎండకు కాలి బొబ్బలెక్కాయి.

నేను కళ్లు తెరిచేసరికి లడ్డు చనిపోయి ఉంది. తాడు ఎంత సాగుతుందో అంత దూరం నీళ్ల వైపు లాగి అక్కడ పడిపోయింది. నీళ్లు ఇంకో నాలుగు బారల దూరంలో ఉన్నాయి.

తాడు లేకపోతే నా దగ్గర ఆగేదా, పోయేదా? పోయి ఉంటే బాగుండేది.

మే 9

వెంకటన్న కెమెరా తెచ్చిచ్చాడు. అమ్మ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆయన గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ రాకముందే తాడు నేనే కోసి పారేసిన. కుక్క నీ పక్కకే ఉండె అని చెప్పిన మీ అమ్మకు. గంతే చెప్పిన."

ఎందుకు అని అడిగాను. అమ్మ ముఖం చూసి అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

మే 11, ఆదివారం

చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "నోరులేని జీవి. నా బిడ్డను ఇడిసిపెట్టి పోలే, పానమే ఇచ్చింది."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.