నొప్పి లేని చోటు

మార్చి 14. ఉతుకుడు, ఇస్త్రీ, రెండు పూటల వంట అయ్యాయి. కిటికీలు తుడవటం రేపటికి.

అన్నయ్యా, అందరం క్షేమం. మీ బావ షుగరు అదుపులోకి వచ్చింది! ఇన్సులిన్ ఇంజెక్షను మోతాదు ఎంత పెంచినా దిగలేదు కదా. కిందటి నెల మొండితనం మాని, ఆసుపత్రిలో నీ మేనకోడలి గది ముందు మిగతా రోగుల్లాగే వరసలో కూర్చున్నారు. అది పాత చీటీలు పక్కన పెట్టి, "ముందు చొక్కా ఎత్తు నాన్నా" అంది. పొట్టంతా తడిమి, బొడ్డు పక్కన గట్టిగా తగిలిన చోట ఆగింది.

"రోజూ ఇక్కడే పొడుచుకుంటున్నావా?"

"అక్కడైతే నొప్పి ఉండదమ్మా."

"ఉండదు మరి! గడ్డ కట్టింది. మందు కూడా ఒంటికి పట్టదు."

చోటు మార్పించి, మోతాదు తగ్గించింది. ఇవాళ పరీక్ష చూసి నేను నర్సును కావలించుకున్నాను!

నువ్వూ ఒకే చోట పొడుచుకుంటావని వదిన చెప్పింది. ఫోన్లో చెబితే నవ్వేస్తావని రాస్తున్నాను. నీ అంతట నువ్వు చోటు మార్చకు. అదే మోతాదు కొత్త చోట పడితే షుగరు ఒక్కసారిగా పడిపోతుందట. వెంటనే బయల్దేరి రా. నా పెద్ద జల్లెడ తీసుకురా. వదిన మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ఆశీస్సులు.

"ఇంత చదివి షుగరు డాక్టరా? గుండె డాక్టరైతే పరువుండేది" అని దాన్ని వెక్కిరించింది నువ్వూ, మీ బావే. మా షుగరు దించితే "డాక్టరుగారూ" అని పిలుస్తామన్నారు. ఇవాళ ఈయన నలుగురి ముందూ చేతులు జోడించి, "వస్తాను డాక్టరుగారూ" అన్నారు. అది సిగ్గుతో టేబులు కింద దూరబోయింది.

మీ బావ బాకీ తీరింది. నీదే మిగిలింది.