కామాక్షమ్మ అడకత్తెర

1979 జూన్ 4
అత్తమ్మ హైదరాబాద్‌లో రికార్డింగు ముగించుకుని వచ్చింది. గొంతు మళ్ళీ బొంగురు. అయినా వచ్చీరాగానే రేడియో నాటకం కాగితాలు వంటగదిలో పరిచింది — వచ్చే వారానివి. ఒక్కోదాన్ని మెత్తగా నలిపి, చేత్తో సాపు చేసి, చదివి, చప్పుడు కాకుండా దుప్పటి మీదికి జారవిడుస్తుంది. మైకు ముందు కాగితం గరగరమంటే కామాక్షమ్మ చచ్చినట్టే అంటుంది. పదకొండేళ్ళుగా అదే గయ్యాళి అత్త కామాక్షమ్మ వేషం, ఇంకా ఈ సాధన! నాకు ఒక్క కూరైనా రెండుసార్లు ఒకేలా కుదరదు.

జూన్ 9
మొగుడంపల్లి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. అల్లం మూట అత్తమ్మ గొంతుకు, జాలి నాకు. నా గడ్డం పట్టుకుని, "గా కామాక్షమ్మ తోని ఎట్ల ఏగుతున్నవ్ బిడ్డా? అన్నమన్న పెడ్తదా?" అని అడిగింది. పోయిన వారం రేడియోలో కోడలిని పస్తు పడుకోబెట్టింది కదా! అత్తమ్మ తలుపు చాటున నవ్వాపుకోలేక దగ్గింది. నాకెంత గర్వమో. జొన్నరొట్టె మొదటిది నా కంచంలోనే వేసే మనిషి ఈమె.

జూన్ 15
దవాఖాన. అత్తమ్మ గొంతులో కాయ. ఆపరేషన్... తర్వాత నెలన్నర నోరు మెదపకూడదు. ఆ తర్వాత కూడా పాత గొంతు వస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు. ఆమె ఏడవలేదు. బస్సులో నేనే ఏడ్చాను.

జూన్ 17
కామాక్షమ్మకు వేరే గొంతు చూసుకుంటారట. రేడియో స్టేషన్ నుంచి కబురు. అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు పోయి, నాటకం నడిపే సారుకు ఫోను చేసింది. "కామాక్షమ్మకు పక్షవాతం రానియ్యుండ్రి సార్. మాట పోనియ్యుండ్రి. మాట లేకుంటనే జేస్త."
రేడియోలో మాట్లాడని మనిషి ఉన్నట్టు ఎవరికి తెలుస్తుందని ఆయన. ఆమె వదల్లేదు. చివరికి ఆపరేషన్ తర్వాత ఒక్క వారం నాటకం ఇచ్చాడు. పండకపోతే వేషం పోయినట్టే.

జూలై 2
ఆపరేషన్ అయింది. మెడకు కట్టు, చేతిలో పలక.

జూలై 20
రోజూ ఇదే పని. నేను కళ్ళు మూసుకోవాలి. ఆమె అడకత్తెరతో వక్క కత్తిరిస్తుంది; మైకు ముందు కామాక్షమ్మ మాట ఇక ఇదేనట. ఆ చప్పుడును బట్టి కామాక్షమ్మ మనసేమిటో నేను చెప్పాలి. పటపటా — కోపం. సగంలో ఆగితే — వింటోంది. నింపాదిగా ఒక్కటే ముక్క — క్షమించింది. మొదట్లో నాకన్నీ వక్కలే. పలక మీద "చెవిటి మొద్దు" అని రాసి చూపించింది. నిజమే.

ఆగస్టు 5
పోయిన వారం హైదరాబాద్‌లో రికార్డు చేసిన దాని ప్రసారం. వాకిట్లో చాప నిండా జనం, మొగుడంపల్లి పెద్దమ్మతో సహా. రేడియోలో కోడలు తిరిగొచ్చి కాళ్ళు పట్టుకుంది. చప్పుడేమీ లేదు... ఏమీ లేదు... అప్పుడు నింపాదిగా, ఒక్కటే ముక్క.
"మాఫ్ జేసింది," అంది పెద్దమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఆమెకు ఎవరూ చెప్పలేదు.
అత్తమ్మ నా వైపు చూడనైనా లేదు. మహారాణి!

ఆగస్టు 9
సారు ఉత్తరం. వేషం ఆమెదేనట. కానీ ఎన్నాళ్ళని మూగగా నడపగలం, డాక్టరు ఏమన్నాడో రాయమన్నాడు.

ఆగస్టు 20
రేపు డాక్టరు నోరు తెరిపిస్తాడు, పాత గొంతు ఉందో లేదో తేలుతుంది.
సాయంత్రం నుంచి వంటగదిలో అడకత్తెర. కోపం కాదు. క్షమించడం కాదు. రెండుసార్లు ఉత్తగా మూసుకుని, ఆగి, మళ్ళీ... మేము సాధన చేయనిది. పిండి చేతులతోనే పోయి పక్కన కూర్చున్నాను.
"భయమైతుందా అత్తమ్మా?"
అడకత్తెర కింద పెట్టింది. పలక అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది, పిండి అంటినా.
ఈసారి సరిగ్గా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.
పొద్దున ఆరింటికి బస్సు.