లమ్లూమ్ కోసం సబ్‌వూఫర్

2 నవంబర్ 2018, శుక్రవారం

సంతలో సబ్‌వూఫర్ కొన్నాను, అదే, లోతు స్వరాలు పలికించే స్పీకరు పెట్టె. సెకండ్‌హ్యాండ్ అనడం కూడా మర్యాదే, ఎన్ని చేతులు మారిందో ఏమో. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అలెగ్జాండ్రియా ఉప్పుగాలికి పొడైపోయింది, వేలు పెడితే రాలుతోంది. ప్లగ్ పెడితే గుయ్యిమని ఒకటే హమ్. అది మామూలేనని అమ్మినవాడు నాకు నచ్చజెప్పాడు. ముప్పై నాలుగేళ్ళు ట్రాముల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడికి చెబుతున్నాడు. నోరు మూసుకుని తెచ్చుకున్నాను. నాలుగో అంతస్తుకి మోసేసరికి వాచ్‌మన్ నన్ను తిట్టని తిట్టు లేదు.

ఎందుకు కొన్నానో ఇక్కడ రాసుకోవాలి. లేకపోతే రేపు నాకు నేనే అబద్ధం చెప్పుకుంటాను. లమ్లూమ్ కోసం కొన్నాను.

లమ్లూమ్ సరిగ్గా నా కిందింట్లో ఉంటాడు. రేడియో ఆర్కెస్ట్రాలో నలభై ఏళ్ళు కాంట్రాబాస్ వాయించాడు. మనిషి కన్నా ఎత్తుండే ఫిడేలు అది, ఎప్పుడూ వెనక వరసలోనే. గురువారం ఎనిమిదింటికి మేం ఐదుగురం నా గదిలో చేరి పాత కచేరీల టేపులు వినేవాళ్ళం. ఇద్దరు పోయారు. ఒకడు దమన్‌హూర్‌లో ఉన్నాడు, చెవులు పోయాయి. లమ్లూమ్‌తో మాటలు పోయి ఎనిమిదేళ్ళు. అప్పట్నుంచీ గురువారాలు ఒక్కణ్ణే వింటున్నాను.

మాటలు పోయిన రోజు పెట్టింది డెబ్భై నాలుగు నాటి కచేరీ. అందులో వాడు వాయించాడు. నీ పెట్టెల్లో నేను లేనురా, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను అందరి ముందూ, నీది వినడానికి ఎవడొస్తాడు, అది సంగీతం కాదు, సామాన్లు జరపడం, అన్నాను. టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

వాడన్నది నిజం. నా స్పీకర్లు అరవై హెర్ట్జ్ కింద మూగవి, అంత లోతు స్వరం పలకవు. వాడి లావు తీగ నలభై ఒకటి దగ్గర మోగుతుంది. నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇప్పుడు వాణ్ణి వినబడేలా చేసి, పైకి పిలిచి, ఆ టేపు పెట్టాలి. క్షమించమని నోటితో అడగడం నాకు చేతకాదు.

3 నవంబర్

అత్తారీన్ బజారులో స్పీకర్లు బాగుచేసే బిషాయ్ కొట్టుకెళ్ళి ఫోమ్ రింగు తెచ్చాను. ఇంత జిగురు వాసన కొట్టే కొట్టు ఇంకోటి లేదు. ఈ వయసులో నీ గుండె దడ చాలదా, పెట్టె దడ కూడా కావాలా అన్నాడు. చాలదన్నాను.

6 నవంబర్

రెండు రోజులు పాత జిగురు గోకడంతోనే సరిపోయింది. కోన్ కాగితమే కదా, చెయ్యి కాస్త గట్టిగా పడితే చిరుగుతుంది. కాయిల్ చుట్టూ సన్నటి ఫిల్ము ముక్కలు దోపి, కోన్ నట్టనడుమ నిలబడేలా చూసి, కొత్త రింగు అంటించాను. అంచు చుట్టూ బట్టల క్లిప్పులు. ఇరవై రెండు పట్టాయి. ఉతికిన చొక్కాలు కుర్చీల మీద ఆరుతున్నాయి.

8 నవంబర్, గురువారం

పాట లేదు. నా ఆంప్లిఫయర్‌కి సబ్ తగిలించే దారి లేదు, పొట్ట విప్పి వైర్లు బయటికి లాగాలి. అంతవరకూ మొత్తం బంద్. ఎనిమిదింటికి ఏం చెయ్యాలో తోచక పళ్ళు తోముకున్నాను.

13 నవంబర్

హమ్ దొంగ దొరికాడు. పొట్ట ఉబ్బిన కెపాసిటర్లు రెండు. మార్చాను. సగం తగ్గింది. మిగతా సగం ఎర్త్ దగ్గర ఉంది.

15 నవంబర్, గురువారం

పాట లేదు.

17 నవంబర్

గాలివాన. రోజంతా కిటికీలు కొట్టుకున్నాయి. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం రొట్టెలవాడికి డబ్బులిస్తూ గొంతు పెగలనప్పుడు తెలిసింది.

22 నవంబర్, గురువారం

మెట్ల మీద లమ్లూమ్ ఎదురయ్యాడు. చేతిలో జామకాయల సంచి. మామూలుగా గోడ చూస్తూ దిగిపోతాడు. ఇవాళ ఆగాడు. జిగురు అంటిన నా వేళ్ళు చూశాడు. నోరు తెరవబోయాడనిపించింది. వెక్కిరిస్తాడేమోనని నేనే గబగబా ఎక్కేశాను. బుద్ధి లేదు నాకు.

హమ్ పూర్తిగా పోయింది. ఆంప్లిఫయర్ కూడా కుదిరింది. ఇవాళే పిలవచ్చు. కానీ ఇంకా లెవెల్ పెట్టలేదు, ఫేజ్ చూడలేదు. కొలతలు కుదరకుండా పిలిస్తే బూం బూం మంటుంది, పెళ్ళి షామియానా అనుకుని మళ్ళీ వెళ్ళిపోతాడు. వచ్చే గురువారం పిలుస్తాను. చీటీ రాసి పెట్టాను.

24 నవంబర్, శనివారం

లమ్లూమ్ పోయాడు. తెల్లవారి లేవలేదట. మధ్యాహ్నానికి పూడ్చేశారు.

25 నవంబర్

పరామర్శకి వెళ్ళాను. చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ ఇచ్చారు. వాడి అల్లుడు నా చెయ్యి పట్టుకుని మీరెవరని అడిగాడు. పైన ఉంటానన్నాను. పైన అంటే ఎక్కడ అన్నాడు. వాడి స్నేహితుణ్ణి అనకుండా, నాలుగో అంతస్తు అని వచ్చేశాను.

చావు జరిగిన ఇల్లు కిందనే ఉంది. నలభై రోజులు బిల్డింగ్‌లో ఎవరూ పాట పెట్టరు, టీవీ గొంతు కూడా పెంచరు. నేను పెడితే మాత్రం ఎవరి కోసం పెట్టాలి?

29 నవంబర్, గురువారం

సిగ్గుమాలిన పని చేశాను.

ఇవాళ వాడు పోయాక మొదటి గురువారం. పొద్దున్నే బంధువులంతా వ్యాను ఎక్కి సమాధి దగ్గరికి వెళ్ళారు. బాల్కనీలోంచి చూశాను. ఆడవాళ్ళూ వెళ్ళారు. ఇల్లు ఖాళీ అనుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు. పాట కాదు కదా, కొలత కోసం పెట్టే ఉత్త టోనే కదా అని సర్దిచెప్పుకున్నాను.

సబ్ ఎక్కడ పెడితే బేస్ సమంగా వస్తుందో తెలుసుకోవాలంటే దాన్ని మనం కూర్చునే కుర్చీలో పెట్టి, నలభై హెర్ట్జ్ మోగిస్తూ, మనం నేల మీద పాకాలి. బాగా వినబడ్డ మూల దాని చోటు. అరవై ఏడేళ్ళవాణ్ణి, మోకాళ్ళ మీద ఇల్లంతా పాకాను. తలుపు పక్క మూల దొరికింది. అక్కడే బోర్లా పడి ఏడ్చాను. అప్పుడు కిందింట్లో బీరువాలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ వెంటనే ఒక ఆడమనిషి దగ్గు.

లమ్లూమ్ భార్య ఇన్షిరాహ్ ఇంట్లోనే ఉంది. మొగుడు పోయినామె నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. ఊరందరికీ తెలుసు. పెళ్ళి చేసుకోని వెధవని, నాకు గుర్తుండొద్దా?

30 నవంబర్, శుక్రవారం

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. ఆమె చెల్లెలు తలుపు తీసి హాల్లో కూర్చోబెట్టింది. ఇన్షిరాహ్ తెర వెనక నుంచి మాట్లాడింది.

"నిన్న నా నెత్తి మీద లారీ తోలింది మీరేనా, వహీబ్ అన్నా?"

అవునన్నాను. సబ్ సంగతి చెప్పాను, ఎవరి కోసమో చెప్పాను. చీటీ సంగతి కూడా చెప్పాను.

"మీ పెట్టెల్లో తన వాయిద్యం వినబడదని ఆయనకి తెలుసు. అయినా గురువారం ఎనిమిదయ్యేసరికి కుర్చీ లాక్కెళ్ళి సరిగ్గా మీ గది కింద వేసుకునేవారు. పాట సన్నగా దిగేది. ఆయన తన వంతు నోటితో పాడేవారు. దుమ్, దుమ్ అని. ఎనిమిదేళ్ళు. పిచ్చా ఏంటండీ అంటే, వాడి పాటకి కాళ్ళు లేవే, నేను పెడుతున్నా అనేవారు."

ఆమె ఇంకా చెప్పింది.

"ఈ నెల మూడు వారాలు పైన ఏమీ లేదు. కుర్చీలో ఊరికే కూర్చుని లేచారు. ఒంట్లో బాలేదేమోనే వాడికి, అన్నారు. పోయి చూసి రండి అన్నా. వచ్చే వారం కూడా లేకపోతే పోతాలే అన్నారు."

ఇంత సరిచేస్తూ కూర్చుని వాడి ఆఖరి మూడు గురువారాలూ నేనే లాక్కున్నాను. ఆ మాట పైకి అన్నాను కూడా. ఆ పెట్టెలో ఇప్పుడు ఆయన వినబడతారా అని అడిగింది. ఇంకాస్త పనుందన్నాను. అయితే గురువారం ఆ టేపు పెట్టమంది. నలభై కాలేదమ్మా, బిల్డింగ్‌లో వాళ్ళు ఏమనుకుంటారు అన్నాను.

"అది సంగీతం కాదు, సామాన్లు జరపడం అన్నారుగా. జరపండి. సామాన్లు జరుపుకోడానికి నలభై రోజులు ఆగక్కర్లేదు."

చెల్లెలు మొహం పక్కకి తిప్పుకుంది. తిట్టు తిన్నంత తిన్నాను. తినాల్సిందే.

4 డిసెంబర్

స్పీకర్లకీ సబ్‌కీ మధ్య హద్దు, క్రాసోవర్, ఎనభై దగ్గర పెట్టాను. ఫేజ్ తప్పుగా ఉంది ఇన్నాళ్ళూ, స్పీకర్లు ముందుకి తోస్తుంటే సబ్ వెనక్కి లాగుతోంది. స్విచ్ తిప్పి, చూద్దామని టేపు పది సెకన్లే పెట్టాను. గాయని ఇంకా గొంతెత్తలేదు. వెనక నుంచి రెండు మీటులు. రెండోది తాళం కన్నా వెంట్రుకవాసి ముందు పడింది. తొందర మనిషి. వాడే.

ఆపేశాను. ఒక్కణ్ణే వినదలచుకోలేదు.

5 డిసెంబర్

లెవెల్ మీటర్ చూస్తూ పెట్టాను. కిటికీలు వేసి, తలుపు వేసి, నా కుర్చీలో నుంచి. కొలతలు ఇంత కచ్చితంగా ఎప్పుడూ కుదరలేదు.

6 డిసెంబర్, గురువారం, ఎనిమిది

టేపు పెట్టి మెట్ల వైపు తలుపు బార్లా తీశాను. తలుపు తీస్తే కొలతలన్నీ నీళ్ళపాలు, బేస్ గదిలో నిలవదు, మెట్లు దిగిపోతుంది. తీసే ఉంచాను.