నలభై ఏడో నంబరు ఆగలేదు

సోమవారం

నలభై ఏడో నంబరు రైడరు గారికి,

మోటారు సైకిల్ పందేల క్లబ్బు కార్యదర్శి తెలియజేయునది.

నిన్న జరిగిన ఈ సీజన్ మొదటి పందెంలో మీకు నల్ల జెండా చూపించడమైనది. పక్కన మీ నంబరు రాసిన బోర్డు కూడా పెట్టడమైనది. నల్ల జెండా మధ్యలో నారింజ చుక్క ఉంటే, "నీ బండిలో ఏదో ఊడిపోతోంది, వెంటనే బయటికి రా" అని అర్థం. ఇది నిన్న మొన్న చేరినవాళ్ళకు కూడా తెలుసు.

మీరు ఆగలేదు. వరుసగా మూడు చుట్లు చూపించినా ఆగలేదు. మూడోసారి ఇంకాస్త వేగం పెంచారు.

కాబట్టి మీకు వచ్చిన మూడో స్థానం రద్దయింది. ఆ కప్పు మీ వెనకే నాలుగో స్థానంలో వచ్చిన పళ్ళ డాక్టరు గారికి ఇచ్చాము. వచ్చే పందెంలో మీరు పాల్గొనడానికి వీల్లేదు. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా మాత్రమే తెలపాలి. క్లబ్బు గుమ్మం ముందు నిలబడి అరిస్తే చెల్లదు. నిన్న అరిచినది కూడా చెల్లదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. తమరు కళ్ళద్దాల షాపు నడుపుతున్నట్టు మా రికార్డుల్లో ఉంది. జెండా కనపడలేదని మాత్రం రాయకండి.

మరో తా.క. పొద్దున్న నువ్వు కింద షాపు తలుపు విసిరికొట్టావు. పైన మా గోడ గడియారం కిందపడింది. ఈ ఉత్తరం మీ బావ చేత పంపిస్తున్నాను. అద్దం ముక్కలు కూడా ఆయన చేతే పంపిస్తున్నాను.


మంగళవారం

కార్యదర్శి గారికి,

జెండా నాకు కనపడలేదు.

కళ్ళద్దాలు అమ్మేవాడికి కళ్ళు పనిచేయకూడదని ఎక్కడా లేదు, పనిచేయాలనీ లేదు. ఎండ ఎదురుగా ఉంది. ముందు ఇద్దరు, వెనక పళ్ళ డాక్టరు. హెల్మెట్ లోపల చెమట కారి కళ్ళలో పడుతోంది. ఆ స్థితిలో మనిషి రోడ్డు చూస్తాడా, రోడ్డు పక్కన గుడ్డలు చూస్తాడా?

అయినా ఏం ఊడిపోతోందో సెలవివ్వండి. శనివారం తనిఖీలో మీరే స్వయంగా నా బండిని అటూ ఇటూ లాగి చూశారు. హ్యాండిల్ పట్టుకుని ఊపారు. ప్రతి బోల్టుకూ తీగ చుట్టి ఉందా లేదా అని వేలితో తడిమారు. ఏమీ దొరక్క, మొహం మాడ్చుకుని స్టిక్కరు అంటించారు. పందెం అయ్యాక ఇద్దరు మెకానిక్కులు మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. ఒక్క మర కూడా వదులు కాలేదు.

నేను ఈ క్లబ్బులో చేరిన దగ్గర్నుంచి ఒక్క కప్పు కూడా ముట్టుకోలేదు. మొదటిసారి మూడో స్థానం వచ్చింది. దాన్ని పట్టుకెళ్ళి పళ్ళు పీకేవాడి చేతిలో పెట్టారు. నా కప్పు నాకు ఇప్పించండి. వచ్చే పందెంలో నన్ను దిగనివ్వండి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఇట్లు,
మండిపోతున్న
నలభై ఏడో నంబరు

తా.క. గడియారం పడింది నా తలుపు వల్ల కాదు, బావ కొట్టిన మేకు వల్ల. ఆయన మేకు కొడితే గాలికి కూడా ఊడుతుంది. అద్దం ముక్కలు తిప్పి పంపుతున్నాను. నేను అమ్మే అద్దాలు వేరు.


బుధవారం

నలభై ఏడో నంబరు గారికి,

మీ అభ్యంతరం అందింది. అరుపు తగ్గినందుకు ధన్యవాదాలు.

మూడో మలుపు దగ్గర కాపలా ఉన్న మార్షల్, మీ బండి సైలెన్సర్ ఊడి వేలాడుతోందని వాకీటాకీలో చెప్పారు. ఆ వెంటనే జెండా తీశాను. ఇందులో పక్షపాతం ఏమీ లేదు.

ఇక మీ బండిలో ఏదీ ఊడదని మీరు రాసిన మాట చదివి క్లబ్బు మొత్తం నవ్వుతూ కాసేపు పని మానేసింది. పోయిన సీజన్‌లో మీ బండి నుంచి ఊడినవి జ్ఞాపకం చేస్తాను. మొదట పాదం పెట్టుకునే కడ్డీ. తర్వాత సీటు. ఆ తర్వాత నంబరు ప్లేటు, దానివల్ల ఎవరు ఊడగొట్టుకున్నారో తెలుసుకోవడం కూడా కష్టమైంది. ఒకసారి మీరే.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. మూడో మలుపు మార్షల్ ఎవరన్నది రహస్యం. ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని టీ ఇచ్చి కూర్చోబెట్టి అడగొద్దు.


బుధవారం, మధ్యాహ్నం

అక్కా,

కార్యదర్శి గారికి రాయడం ఇంక నావల్ల కాదు. నీకే రాస్తున్నాను.

"ఒకసారి మీరే" అన్నావు. బాగుంది. అందరూ నవ్వారని కూడా రాశావు. ఆ రోజు నా భుజం ఎముక విరిగింది. ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని ఏడ్చింది నువ్వే. ఇప్పుడు అది క్లబ్బులో అందరికీ నవ్వులాట అయిపోయింది.

సరే, విను. జెండా నేను చూశాను. మూడుసార్లూ చూశాను. నా నంబరు బోర్డూ చూశాను. బోర్డు వెనక నిన్నూ చూశాను. అందుకే ఆగలేదు.

వేరే ఎవరు పట్టుకున్నా ఆగేవాణ్ణి. నువ్వు పట్టుకున్నావు గనక, ఇది బండి సంగతి కాదు, నా సంగతి అనుకున్నాను. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పుతానని వెనక క్యారియర్ పట్టుకుని వీధంతా పరిగెత్తావు. "వదిలేశాను, తొక్కు తొక్కు" అంటూనే పట్టుకున్నావు. వెనక్కి తిరిగి చూస్తే నీ చెయ్యి అక్కడే ఉంది. ఆదివారం కూడా అదే చెయ్యి అనుకున్నాను. వీడు ముందుకెళ్ళిపోతున్నాడు, మళ్ళీ పడతాడు, ఆపేద్దాం అనుకున్నావనుకున్నాను.

ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

నీ తమ్ముడు

తా.క. బావకి టీ ఇచ్చాను. రెండో కప్పు కూడా ఇచ్చాను. నోరు విప్పలేదు. "నేనేమైనా పావురాన్నా, ఇద్దరి మధ్యా ఎగరడానికి? మోకాళ్ళు పోతున్నాయి బామ్మర్దీ" అని మాత్రం అన్నాడు.


గురువారం

ఒరేయ్,

నీకు బుద్ధుందా?

నేను పట్టుకున్నానని ఆగలేదా? ఆ సైలెన్సర్ నిజంగా ఊడి వెనక చక్రంలో పడుంటే ఏమయ్యేదో తెలుసా నీకు? నీ వెనక వచ్చేవాడు దానిమీద ఎక్కుంటే? నేను ట్రాకు పక్కన ఆ రేకుల పెట్టెలాంటి గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉడికిపోతూ జెండాలు పట్టుకునేది మీ అందరినీ ప్రాణాలతో ఇళ్ళకు పంపడానికి. అందులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎందరో. వాళ్ళంతా ఆగుతారు. నా సొంత తమ్ముడు ఆగడు. ఎందుకంటే సైకిల్ క్యారియర్ అట!

సైకిల్ నేను వదల్లేదు నిజమే. వదిలిన రోజున నువ్వు తిన్నగా కాలవలోకి పోయావు. ఆ సంగతి రాయలేదేం?

నన్ను తమ్ముడి మీద పగబట్టిన దాన్ని చేసి మాట్లాడకు. నాకు వచ్చిన మాట వచ్చినట్టు చేశాను. శుక్రవారం సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. నీ దగ్గర సాక్ష్యం ఉంటే పట్టుకురా. లేకపోతే వచ్చే పందెం రోజు ఇంట్లో కూర్చో.

అక్క

తా.క. కోపమొస్తే పళ్ళు నూరడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. పన్ను విరిగితే క్లబ్బుకు సంబంధం లేదు.


శుక్రవారం, పొద్దున్న

కార్యదర్శి గారికి,

పన్ను విరిగింది.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుండగా విరిగింది. కుడివైపు దవడ పన్ను. ఊళ్ళో ఈ వారం తెరిచి ఉన్న పళ్ళ డాక్టరు ఒక్కడే. నా కప్పు అతని అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు, రోగులకు కనపడేలా. దాన్ని చూస్తూ కుర్చీలో పడుకున్నాను.

నోరు తెరిపించాడు. ఒక పక్క దూది కుక్కాడు, ఇంకో పక్క నీళ్ళు పీల్చే గొట్టం తగిలించాడు. మర ఆడించడం మొదలుపెట్టి, తీరిగ్గా కబుర్లు చెప్పాడు. అతని మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"భలే పందెం కదండీ ఆదివారం! చివరి చుట్లలో నా సైలెన్సర్ వదిలేసిందండీ. గడగడా కొట్టుకుంటోంది. బూటుతో లోపలికి నొక్కి పట్టుకుని వచ్చాను. పందెం అయి దిగాక చూస్తే బూటు అడుగు కరిగిపోయింది. అయినా ఎవరూ జెండా చూపించలేదు. నా అదృష్టం! ఇంకొంచెం వెడల్పుగా తెరవండి."

నేను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అతనికి "ఆఁ ఊఁ" అని వినిపించింది. "నొప్పిగా ఉందా?" అని ఇంకో ఇంజెక్షను ఇచ్చాడు.

అతని బండీ ఎర్రదే. నాదీ ఎర్రదే.

బుగ్గ వాచి, సగం మొహం మొద్దుబారి, తిన్నగా మూడో మలుపు మార్షల్ని, అదే మా బావని, పట్టుకున్నాను. ఈసారి టీ ఇవ్వలేదు. అయినా ఆయన నా మొహం చూసి జాలిపడి చెప్పేశాడు.

"నేను ఎర్ర బండి అన్నాను బామ్మర్దీ, అంతే. నంబరు చెబుదామని నోరు తెరిచేలోపల మీ అక్క 'తెలుసులెండి, వాడే' అని కట్ చేసేసింది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనిచ్చిందా, వాకీటాకీలో చేయనివ్వడానికి?"

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "నంబరేదని నన్నెవరడిగారు? ఇద్దరూ ఉత్తరాలే ఇస్తిరి" అన్నాడు.

కాబట్టి కార్యదర్శి గారూ, ఇది నా ఫిర్యాదు. మీరు నంబరు అడగలేదు. ఊడిపోయేది ఏదైనా నాదేనని తేల్చేశారు. నా బండి తప్పు చేయకముందే తీర్పు చెప్పేశారు. అలాంటి మనిషి ఆ కుర్చీలో ఉండకూడదు. మిమ్మల్ని తక్షణం తొలగించాలని కమిటీని కోరుతున్నాను. నకలు ముగ్గురు సభ్యులకూ పంపాను.

ఇట్లు,
ఒక పన్ను తక్కువైన
నలభై ఏడో నంబరు

తా.క. వాడి దగ్గర కప్పు తళతళలాడుతోంది. పళ్ళకు రాసేదేదో దానికీ రాస్తున్నట్టున్నాడు.


శనివారం

తమ్ముడూ,

నిన్న సాయంత్రం నువ్వు వాచిన బుగ్గతో మాట్లాడింది కమిటీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అదృష్టవశాత్తూ నీ ఫిర్యాదు చాలా బాగా రాశావు. మీ బావని కూడా పిలిపించారు. నిన్న ఆయన మొదటిసారి ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. నేను అడ్డుపడలేదు. వినడానికి బాగానే ఉంది.

ఆయన చెప్పింది నిజం. నంబరు అడగలేదు. ఎర్ర బండి అనగానే చెయ్యి దానంతటదే నలభై ఏడు బోర్డు మీదికి పోయింది. నీ మీద పగతో కాదు, పడిపోతావన్న భయంతో. అయినా తప్పు తప్పే. కమిటీ ముందు ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ ముందు ఒప్పుకుంటున్నాను. పైనుంచి కిందికి మెట్లు దిగొచ్చి చెప్పాల్సిన మాట ఇది. సిగ్గేసి రాస్తున్నాను.

వాళ్ళు అడిగిన ప్రశ్న ఒక్కటే. "నలభై ఏడో నంబరు జెండా చూసి కూడా ఆగలేదా, లేక చూడలేదా?" తప్పుడు జెండా అయినా సరే, చూసినవాడు ఆగి తీరాలి. ఆగకపోతే సీజన్ మొత్తం బయటే. ఫైలులో ఉన్న నీ ఉత్తరాలన్నీ తీసి చదివారు. కనపడలేదనే ఉంది. బుధవారం మధ్యాహ్నం ఉత్తరం ఫైలులో లేదు. కార్యదర్శికి వచ్చిన ఉత్తరాలే ఫైలులో పెట్టాలని నియమం. అది అక్కకి వచ్చింది.

కాబట్టి శిక్ష రద్దు. మూడో స్థానం నీదే. కప్పు సోమవారం డాక్టరు గారు తెచ్చిస్తారు. ఊడిన సైలెన్సర్‌తో నడిపినందుకు ఆయనకి మాత్రం వచ్చే పందెం లేదు. నువ్వు అడిగిన మూడోదీ ఇచ్చారు. నన్ను తీసేశారు.

ఇక్కడ నీకు ఒక నియమం చెప్పాలి. నువ్వు ఎప్పుడూ నియమాల పుస్తకం తెరవలేదు గనక తెలియదు. ఈ క్లబ్బులో కార్యదర్శి కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. కార్యదర్శి మీద ఫిర్యాదు చేసి నెగ్గినవాళ్ళే ఆ కుర్చీలో కూర్చోవాలి. మరొకరు వాళ్ళమీద ఫిర్యాదు చేసి నెగ్గేదాకా దిగకూడదు. కూర్చున్నన్నాళ్ళూ పందెంలో దిగకూడదు.

నేను ఆ రేకుల పెట్టెలోకి ఎలా వచ్చాననుకున్నావు? నేనూ బండి నడిపేదాన్ని, నీకంటే బాగా. నాకు రావాల్సిన రెండో స్థానం ఇవ్వలేదని అప్పటి కార్యదర్శి మీద ఒక ఉత్తరం రాశాను. నెగ్గాను. ఆయన దణ్ణం పెట్టి, జెండాలు నా చేతిలో పెట్టి, అదే పోక పోయాడు. అప్పట్నుంచి ఎవరైనా నా మీద ఒక్క ఫిర్యాదు రాస్తారేమోనని చూస్తూనే ఉన్నాను. వాకీటాకీలో కసిరాను, క్లబ్బులో అందరినీ తిట్టాను. ఒక్కడూ రాయలేదు. అందరూ మర్యాదస్థులే. చివరికి ఇంటివాడే దయతలిచాడు.

ఆదివారం జెండా మాత్రం కావాలని చూపించలేదు. ఒట్టు.

అభినందనలు, కార్యదర్శి గారూ. తాళాలు, జెండాలు, వాకీటాకీ మీ బావ చేత పంపిస్తున్నాను. వచ్చే పందేనికి నా పేరు నమోదు చేయగలరు. నాకు బండి లేదు. నీది ఎలాగూ ఖాళీయే కదా, దాని తాళం మీ బావకివ్వు. బోల్టులన్నీ నేనే బిగించుకుంటాను.

ఇట్లు,
ఇకమీదట నలభై ఏడో నంబరు

తా.క. పందెంలో నువ్వు నాకు ఎంత తప్పుడు జెండా చూపించినా సరే, నీ మీద ఒక్క ఉత్తరం ముక్క రాయను.