దూరంగా వేసిన గుడిసె

మలెనాడు, కాఫీతోటల బడి నుంచి

మా లక్ష్మక్కకు తమ్ముడు ఓబులేసు దండాలు పెట్టి రాసే సంగతులు. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసానే కదా? నాయన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ధర్మవరంలో మగ్గాలు ఆడుతున్నాయా, లేక ఈ యుద్ధం పుణ్యమా అని పట్టు దొరక్క నిలిచిపోయాయా?

ఇక్కడ ఒకటే వాన. మన దిక్కు మబ్బు కోసం మెడ నొప్పి పుట్టేదాకా చూస్తామా, ఇక్కడ వాన ఇల్లు కదలని చుట్టం. కట్టుకున్న పంచె ఆరదు. మూడు పూటలా వరి అన్నమే, సంగటి ముద్ద కలలోకి వస్తోంది. ఎవరైనా ఇటు వస్తుంటే చెనక్కాయల పొడి పంపు. హిందూపురం సంతలో నేర్చిన కన్నడమే నాకు అన్నం పెడుతోంది. బడి మూసినాక మాత్రం పలకరించే దిక్కుండదు. బెంగపడొద్దు, బాగానే ఉన్నాను.

పిల్లలకు అడవి తెలియాలని మా హెడ్మాస్టరు పట్టుదల. తోట కూలీల పిల్లలను అడవిలోకి తీసుకుపోయి నాలుగు రోజులు ఉంచే పని నాకు ఒప్పజెప్పాడు. తడి కట్టెతో నిప్పు చేయడం, జలగ పడితే సున్నం రాయడం, ఆకులతో గుడిసె కప్పడం నేర్పిస్తాను. తెగిన పోగుకు నువ్వు నేర్పిన ముడినే గుంజలు కట్టే తీగకు వేయడం నేర్పాను. గుడిసె వేయడం ఎక్కడ నేర్చావని హెడ్మాస్టరు అడిగితే చిన్నప్పుడు అన్నాను. ఎక్కడో చెప్పలేదు.

అక్కా, ఇక్కడి నుంచి నాయన ఇంట్లో లేనప్పుడు చదివించుకో.

పోయిన వారం గుడిసెలన్నీ వరసగా వేయించాక, గాలి వాలున దూరంగా ఇంకొకటి వేయించాను. దాని వాకిలికి ఎదురుగా కొంచెం ఎడంలో చదును రాయి కూడా పెట్టించాను. అది ఎవరికని ఒక పిల్లవాడు అడిగాడు. అప్పుడు గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. ఎలుకలు రాలి, ప్లేగు భయంతో ఊరంతా పెనుకొండ కొండ కిందికి చేరిన ఏడు, జబ్బుపడిన అమ్మను నాయన ఒంటరిగా ఉంచిన గుడిసె అది. అమ్మ దాంట్లోంచి మళ్ళీ రాలేదు.

పీకేయించాలనుకున్నాను, మనసొప్పలేదు. ఆ రోజు నుంచి అటు చూస్తే లోపల ఎవరో కదిలినట్టే ఉండేది. పొద్దు వాలేటప్పుడు దగ్గు వినబడేది. పిల్లలు తమకేమీ వినబడలేదన్నారు. ఉన్నమాట చెబుతున్నా, నాకు భయమేసింది.

చిలమత్తూరు నుంచి తోటపనికి వచ్చినవాళ్ళ బిడ్డ నరసికి జ్వరం వచ్చింది, ఒళ్ళు కాలిపోతోంది. నేను కట్టెలకు పోయి వచ్చేసరికి మాతో వచ్చిన వంటమనిషి ఆ బిడ్డను దూరపు గుడిసెలో పడుకోబెట్టేశాడు. అది వేయించింది అందుకేననుకున్నాడు, అతని తప్పేముంది? రాయి మీద నీళ్ళ ముంత పెట్టి, వెనక్కి జరిగి, తీసుకోమని కేకేశాడు. నువ్వు అమ్మకు కేకేసినట్టే. పిల్లలంతా దూరంగా నిలబడి చూస్తున్నారు. ఆనాడు నేనూ అట్లే దూరంగా నిలబడ్డాను.

బిడ్డ పాక్కుంటూ వాకిలిదాకా వచ్చి చెయ్యి చాపింది. ముంత అందలేదు. నేను రాయికి ఇవతలే ఉండిపోయాను. అప్పుడు నా వైపు చూసి అడిగింది.

"అయ్యోరా, నన్ను ఈడనే ఇడిసిపెట్టి పోతావా?"

మన మాటే అక్కా, మన ఊరి మాట. రాయి దాటి ముంత తీసుకుని లోపలికి పోయాను. తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాపాను.

"యాడికీ పోను తల్లీ, ఈడనే ఉండా" అన్నాను. ఎవరితో అంటున్నానో నాకే తెలియలేదు.

తోట డాక్టరు చూసి మలేరియా అన్నాడు. ఇప్పుడు నరసి లేచి తిరుగుతోంది. నాకు ఆ దగ్గు ఇంకా వినబడుతూనే ఉంది, భయం మాత్రం లేదు. వచ్చేసారి ఆ గుడిసెను అన్నిటి నడుమ వేయిస్తాను.

నాయనను నేను తప్పుపట్టను. మనిద్దరినీ దక్కించుకోవాలనే చేశాడు. ఆయనకు, బావకు నా దండాలు చెప్పు, పిల్లలను ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

ఒక్క సంగతి రాయించు. అప్పుడు ఎన్నిసార్లు అడిగినా అమ్మ నిద్రపోతోందనే చెప్పేదానివి. నువ్వు నీళ్ళు పెట్టి పిలిచినప్పుడు అమ్మ నన్ను అడిగేదా? అడిగిందని రాయించు. అడగకపోయినా అడిగిందనే రాయించు.

నీ దీవెన కోరే తమ్ముడు,
ఓబులేసు