ఆడని పిల్లకు ఆయాసం రాదు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదిహేనేళ్లు. నీలాగే దమ్ము జబ్బు, అదే ఉబ్బసం, ఉన్న నా బిడ్డ లతను ఆర్మూరు దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు రెండు ప్రశ్నల కాగితాలిచ్చాడు, తల్లికొకటి, పిల్లకొకటి.

నా కాగితంలో, "ఆటల్లో ఆయాసం వస్తోందా?" లేదని రాశాను. దాని కాగితంలో, "ఆయాసానికి భయపడి ఆట మానేశావా?" అవునని రాసింది.

"గిట్లెందుకు రాసినవే?"

"నేను ఉరుకుతలేను గదమ్మా, గందుకే దమ్ము వస్తలేదు. పసుపు కొమ్ములు పాలిష్ జేసే డ్రమ్ము తిరిగితే మస్తు దుమ్ము లేస్తది. అరుగు మీదనే కూసుంటున్న."

రెండూ నిజమే. మరి బాగున్నట్టా, లేనట్టా?

నువ్వూ అరుగు మీదే కూర్చుని మా ఆటకు తీర్పు చెప్పేదానివి. నెమ్మదైన పిల్లవని మురిసిపోయామే గానీ, ఎందుకు దిగి రావడం లేదని ఒక్కరమైనా నిన్ను అడగలేదు.